దళారీ లేకుండా ఇల్లు అమ్మేవారి బాధ్యతలు

ఇల్లు అమ్మడం మనిషి జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే జరిగే పని. కూతురి పెళ్లి, అప్పులు, వైద్యం, అన్నదమ్ముల పంపకం - కారణం ఏదైనా, ఆ నాలుగు గోడలతోపాటు ఎందరి హక్కులో చేతులు మారుతాయి. నిజాంసాగర్, బాన్సువాడ వంటి ఊళ్లలో ఫలానా ఇల్లు అమ్మకానికి ఉందన్న మాట ఒక్క రోజులో వాడంతా తెలిసిపోతుంది. కొనేవారు కూడా తరచు తెలిసినవారే అయి ఉంటారు. ఇక మధ్యలో దళారీ దేనికి, కమీషన్ దండగ కదా అని చాలామంది అనుకుంటారు. ఇరవై లక్షల ఇంటిపై రెండు శాతం కమీషన్ అంటే 40 వేల రూపాయలు. అది మిగుల్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు.

అయితే దళారీని వద్దనుకున్నప్పుడు అతను చెప్పవలసిన మాటలు, చూపవలసిన కాగితాలు, తీర్చవలసిన సందేహాలు అన్నీ మన మీదికే వస్తాయి. రేపు ఏదైనా దాచిన సంగతి బయటపడితే "నాకు తెలియదు, బ్రోకరు చెప్పాడు" అనడానికి వీలుండదు. అమ్మేవాని నాలుకే అక్కడ సాక్షి. కనుక ఇల్లు స్వయంగా అమ్ముకునేవారు ఏయే హక్కులు గమనించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

దళారీతనం అధర్మమా?

కాదు. ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖనం ప్రకారం, మదీనాలో వ్యాపారులను మొదట 'సమాసిరా', అంటే దళారులు అనేవారు. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని అంతకన్నా మంచి పేరుతో, వర్తకులారా అని పిలిచారు. బేరసారాలలో వ్యర్థపు మాటలు, ఒట్లు దొర్లుతుంటాయి గనుక దానధర్మాలు కూడా చేస్తూ ఉండమని బోధించారు (అబూ దావూద్, తిర్మిజీ). ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ వంటి తాబయీలు దళారీ రుసుములో తప్పు చూడలేదని ఇమామ్ బుఖారీ రాశారు. రుసుము ముందుగా తేల్చుకోవాలి, రెండు వైపులా నిజం చెప్పాలి. అమ్మేవానికి 18 లక్షలని, కొనేవానికి 20 లక్షలని చెప్పి నడుమ రెండు లక్షలు మింగితే అది కష్టార్జితం కాదు, మోసం.

మరోవైపు, పల్లె నుంచి సరుకు తెచ్చిన వాని తరఫున పట్నవాసి అమ్మకం చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. అంటే అతనికి దళారీగా ఉండరాదని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు (బుఖారీ). అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చుని బేరం చేసుకోవడంలో ప్రజలకు మేలుందని ఈ హదీసు ద్వారా అర్థమవుతుంది.

మొదట అడగవలసింది పొరుగువారిని

దళారీ లేకుండా జరిగిన ఒక ఇంటి అమ్మకం సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. హజ్రత్ అబూ రాఫె (రజి)కు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆవరణలో రెండు గదులుండేవి. వాటిని కొనమని ఆయన సఅద్ (రజి)ను అడిగారు. మిస్వర్ బిన్ మఖ్రమా (రజి) కూడా కొనమని నచ్చజెప్పారు. సఅద్ (రజి) నాలుగు వేల దిర్హములకు మించి ఇవ్వనన్నారు, అదీ వాయిదాల మీద. నిజానికి అబూ రాఫె (రజి)కు ఇతరులు 500 దీనార్లు ఇవ్వజూపారు. దీనారుకు పది దిర్హముల చొప్పున చూసినా ఐదు వేలవుతాయి. అయినా ఆయన నాలుగు వేలకే సఅద్ (రజి)కి ఇచ్చేశారు. దగ్గరగా ఉన్న కారణాన పొరుగువానికే ఎక్కువ హక్కుందని దైవప్రవక్త (స) చెప్పగా విని ఉండకపోతే ఈ ధరకు ఇచ్చేవాణ్ణి కాదని ఆయన స్పష్టంగా అన్నారు.

దీనినే 'షుఫా' హక్కు అంటారు. ఉమ్మడి ఆస్తిలో భాగస్వామికి ఈ హక్కు ఉందనడంలో నాలుగు మజ్‌హబ్‌లూ ఏకీభవించాయి. హనఫీ పండితులు పక్క ఇంటి వారికి కూడా దీనిని వర్తింపజేశారు. షాఫయీ, మాలికీ, హంబలీ పండితులు హద్దులు ఏర్పడి, దారులు వేరయ్యాక ఆ హక్కు ఉండదన్నారు. పొరుగువారు ముస్లిములా, కాదా అన్న తేడా కూడా హనఫీ పండితులు చూపలేదు. పక్కింటి రాములు గారైనా, రహీం సాబ్ అయినా, "ఇల్లు అమ్ముతున్నాము, మీకు కావాలా?" అని ముందుగా అడగాలి. మన తరువాత ఆ గోడ పక్కన బతకవలసినవారు వారే.

ఇల్లు ఎవరిది?

మన ఊళ్లలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. తండ్రి పోయి పదేళ్లయినా ఇంటి పన్ను రశీదు ఆయన పేరునే వస్తుంటుంది. కొడుకులు బేరం కుదుర్చుకుంటారు. ఆడపడుచుకు ఆ వార్త బయటివారి ద్వారా తెలుస్తుంది. దళారీ ఉంటే "అందరి సంతకాలు ఉన్నాయా?" అని అతనైనా అడుగుతాడు. ఇంటివారే అమ్ముకునేటప్పుడు ఆ మాట అడిగేవారు ఉండరు.

దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలోని 7, 11, 12 ఆయతులు ఈ వాటాలను నిర్ణయించాయి. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని వదలి మరణించాడనుకుందాం. అప్పులు, వీలునామా తీర్చాక ఇల్లు 20 లక్షలకు అమ్ముడైతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే రెండున్నర లక్షలు. మిగిలిన పదిహేడున్నర లక్షలలో ఒక్కో కొడుక్కి 7 లక్షలు, కూతురికి మూడున్నర లక్షలు. ఆ మూడున్నర లక్షలు అన్నలు దయతలచి ఇచ్చే కానుక కాదు. తండ్రి కన్నుమూసిన క్షణం నుంచి ఆమె సొత్తు.

"మా చెల్లెలు వద్దన్నది" అని కొందరు అంటారు. ఆమె ఎందుకు వద్దన్నదో ఆలోచించాలి. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందేమోనన్న భయంతో అన్న మాట మనస్ఫూర్తి అంగీకారం కాదు. ముందు ఆమె వాటా సొమ్ము ఆమె చేతిలో పెట్టండి. ఆ తరువాత ఆమె ఇష్టపడి తిరిగి ఇస్తే అది వేరే సంగతి. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాని మెడలో ప్రళయదినాన ఏడు భూముల మేర దానిని వేస్తారని హదీసు హెచ్చరిస్తున్నది (బుఖారీ, ముస్లిం). గల్ఫ్‌లో ఉన్న సోదరుడు రాలేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధృవీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించాలి. ఫోన్‌లో సరేనంటే చాలదు.

తనది కానిది అమ్మరాదని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (రజి)తో చెప్పారు (తిర్మిజీ, అబూ దావూద్). నిజాంసాగర్ ప్రాజెక్టు ఊరు. మంజీరా నదిపై 1923లో పని మొదలై 1931లో ఆనకట్ట పూర్తయింది. ఇటువంటి చోట ఇల్లున్న స్థలం సొంతమా, గ్రామకంఠమా, నీటిపారుదల శాఖదా అన్నది కాగితం చూసి తేల్చుకున్నాకే బేరానికి దిగాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ స్థలాల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. అది తెలిసి కూడా అమ్మడం కొనేవాణ్ణి ముంచడమే.

లోపం దాచితే శుభం పోతుంది

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పగా, మరి తడిసినదాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని ప్రకటించారు (ముస్లిం). వానాకాలంలో కారే కప్పుకు ఎండాకాలం సున్నం వేసి చూపించేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. చెమ్మెక్కే గోడ, ఎండిపోయే బోరు, దారి తగాదా, బ్యాంకు తాకట్టు, కోర్టు కేసు - అడగకముందే చెప్పాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా కొనేవానికి మామూలుగా కనబడని లోపాలను అమ్మేవాడే చెప్పాలంటున్నది. ఇద్దరూ నిజం చెప్పి, లోపాలు వివరిస్తే వారి బేరంలో శుభం ఉంటుంది. దాచి, అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుంది (బుఖారీ, ముస్లిం).

ఎవరూ అడగకుండానే "నిన్ననే ఒకరు 22 లక్షలకు అడిగారు" అనడం అబద్ధం. ధర పెంచడానికి స్నేహితుణ్ణి కొనేవానిలా తీసుకురావడం 'నజష్', దానిని ప్రవక్త (స) నిషేధించారు. ఒకరితో బేరం ముగిశాక మరో యాభై వేలు ఎక్కువ వస్తున్నాయని మాట మార్చడమూ తగదు. ఇంకో సంగతి - జుమా రోజు జనం కలుస్తారు గదా అని మసీదు లోపలే బేరం పెట్టకూడదు. బయటికి వచ్చాక మాట్లాడుకోవాలి.

బయానా, రాతకోతలు

బయానా తీసుకున్నాక కొనేవాడు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము ఉంచుకోవచ్చా? అధిక సంఖ్యాక పండితులు కూడదన్నారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ అనుమతించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో నాఫె బిన్ అబ్దుల్ హారిస్ మక్కాలో కారాగారం కోసం సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని కొన్నప్పుడు, ఉమర్ (రజి) ఒప్పుకోకపోతే సఫ్వాన్‌కు 400 ఇవ్వాలన్న షరతు పెట్టుకోవడం దానికి ఆధారం. గడువు నిర్ణయించుకుంటే ఇది చెల్లుతుందని 1993లో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. ఏ పద్ధతైనా గడువు, షరతు ముందే రాసుకుంటే తగవు రాదు. తిరిగి ఇచ్చేయడం మాత్రం అన్నిటికన్నా మేలు.

బఖరా సూరాలోని 282వ ఆయతు దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్దది. అప్పును రాసుకోవాలని, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోవాలని అది ఆదేశిస్తుంది. మన ప్రాంతంలో తెల్లకాగితంపై రాసుకున్న సాదాబైనామాలు ఎన్ని కుటుంబాలను కోర్టులకు తిప్పాయో పెద్దలకు తెలుసు. చట్టం ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ దస్తావేజుతోనే చెల్లుతుంది. అగ్రిమెంటు ఒక్కటే యాజమాన్యం ఇవ్వదు. తెలంగాణలో 2021 జూలైలో పెంచిన లెక్క ప్రకారం స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు మొత్తం ఏడున్నర శాతం, అంటే 20 లక్షలకు లక్షన్నర. దానిని తగ్గించుకోవడానికి ధర తక్కువ రాయించడం అబద్ధపు సాక్ష్యమే. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం 2015 జూన్ నుంచి స్థిరాస్తి బయానా 20 వేలు, అంతకు మించితే నగదుగా తీసుకోరాదు. బ్యాంకు ద్వారానే తీసుకోవాలి.

అమ్మకానికి ముందు చూసుకోవలసినవి

1. వారసులందరి జాబితా, వారి వాటాలు, వారి అంగీకారం.
2. పాత దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, పంచాయతీ పన్ను రశీదు, ఈసీ.
3. హద్దులు - ఇరుగుపొరుగు సమక్షంలో కొలిపించడం.
4. భాగస్వామిని, పొరుగువారిని ముందుగా అడగడం.
5. ఇంటి లోపాలను ఒక కాగితంపై రాసి కొనేవానికి ఇవ్వడం.
6. ధర, గడువు, బయానా షరతులు రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవడం.

చివరగా ఒక మాట. ఇల్లు అమ్మి ఆ సొమ్మును మళ్లీ అలాంటిదానిలో పెట్టనివారికి అందులో శుభం కలగదని ఇబ్నె మాజాలో ఒక హదీసు ఉంది. ఇంటి సొమ్ము చేతికి రాగానే పెళ్లి ఆడంబరాలకు, బాకీలు లేని బండ్లకు ఖర్చయిపోయి, కుటుంబం అద్దె ఇంటిలో మిగలడం మనం చూస్తూనే ఉన్నాము. చిన్నదైనా సరే, ముందు మరో గూడు చూసుకోవాలి. అమ్మిన రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, లాభంపై పన్నులో కూడా నిబంధనల మేరకు మినహాయింపు దొరుకుతుంది.

కమీషన్ మిగుల్చుకున్న 40 వేలు కొన్నాళ్లకు ఖర్చయిపోతాయి. చెల్లెలి వాటా, పొరుగువాని హక్కు, కొనేవానికి చెప్పిన నిజం మాత్రం పరలోకంలో మన ముందు నిలుస్తాయి. అల్లాహ్ మన క్రయవిక్రయాలలో సత్యాన్ని, శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.