గ్యాసు గీజరు: పొగ గొట్టం, కరెంటు తీగ

స్నానాల గదులకు గ్యాసు గీజరు పెట్టిస్తామని వార్డెన్ సార్ ప్రేయర్‌లో చెప్పారు. చలికాలంలో కర్దనూర్‌లో తెల్లారుజామున చన్నీళ్ళు పోసుకునే బాధ తెలిసినవాళ్ళం గనక చప్పట్లు గట్టిగానే కొట్టాం. అయితే బిగించే రోజున మనమూ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సైన్సు సార్‌ని, కరెంటు పనిచేసే అన్నని అడిగి రాస్తున్నాను.

ముందు గాలి లెక్క. సిలిండరు గ్యాసులో ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే 5 లీటర్ల ఆక్సిజన్ కావాలి, అంటే సుమారు 24 లీటర్ల గాలి. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్ళిచ్చే చిన్న గీజరు నిమిషానికి దాదాపు 15 గ్రాముల గ్యాసు కాలుస్తది. దానికి 180 లీటర్ల గాలి పోతది. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న గదిలో మొత్తం గాలి 8,000 లీటర్లకు లోపే. తలుపు మూసి ముగ్గురు వరసగా పదేసి నిమిషాలు స్నానం చేస్తే ఎంతవుతుందో మీరే గుణించండి.

ఆక్సిజన్ తగ్గగానే మంట ఆరిపోతే బాగుండేది. చాలాసార్లు ఆరదు. సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గ్యాసు లీకైతే మనకు వాసన వస్తది, ఎందుకంటే అందులో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కలిపేవాళ్ళు ఎవరూ లేరు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, కాళ్ళల్లో బలం పోవడం, ఆ తర్వాత స్పృహ తప్పడం. తండాల్లో చలికి కుంపటి లోపల పెట్టుకొని తలుపేసుకొని పడుకుంటే జరిగేది కూడా ఇదే.

అందుకే పొగ గొట్టం. అది లోహపుదే ఉండాలె, పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది. గోడ దాటి ఆరుబయటికే పోవాలె, వరండాలోకి గానీ పక్క గది కిటికీ కిందికి గానీ కాదు. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. తలుపు కింద గాలి వచ్చే సందు ఉంచాలె. సందు లేకుండా ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రం పెడితే, అది బయటికి పోయే పొగనే గొట్టంలోంచి వెనక్కి లాగుతుంది! ఇది విని నాకు ఆశ్చర్యం వేసింది. చలి అని కిటికీలో గోనెసంచి కుక్కే తమ్ముళ్ళు కూడా ఇది చదవాలె.

నన్నడిగితే గీజరు, సిలిండరు రెండూ వెనక గోడకు బయటే రేకు నీడలో పెట్టి, వేడినీళ్ళ పైపు ఒక్కటే లోపలికి తేవడం అన్నిటికన్నా మేలు. వార్డెన్ సార్ దయచేసి ఆలోచించాలి.

ఇక కరెంటు. చాలా గ్యాసు గీజర్లు 1.5 వోల్టుల బ్యాటరీలు రెండింటితోనే వెలుగుతాయి. పొగను ఫ్యానుతో తోసే రకానికి 230 వోల్టులు కావాలి. అందులో ఫ్యాను తిరిగితేనే గ్యాసు తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. కరెంటు పోయినప్పుడు వెలగడం లేదని ఎవరైనా దాన్ని తప్పించి కలపబోతే ఆపండి. స్విచ్చు స్నానాల గది బయట, ఫేజు తీగ మీద ఉండాలి. మూడు తీగల వైరు, మధ్యలో టేపు చుట్టిన అతుకు లేకుండా, వేడి గొట్టానికి తగలకుండా రావాలె. ఎర్తింగు గుంతలో ఎండాకాలం నీళ్ళు పోయాలె. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే లీకేజీ రాగానే కరెంటు తెగుతుంది. 2022 అక్టోబరులో హైదరాబాద్ లంగర్‌హౌస్ దగ్గర కొత్తగా పెళ్ళైన ఇద్దరు స్నానాలగదిలోనే చనిపోయారు. ఆ గీజరు కరెంటుది, షాకు కొట్టింది.

మంట నీలంగా కాక పసుపుగా వస్తున్నా, గొట్టం దగ్గర మసి కనిపించినా వాడకం ఆపి సార్‌కి చెప్పండి. లోపల ఎవరైనా పలకకపోతే తలుపు తెరిచి ముందు బయటి గాలికి లాగండి, గ్యాసు కట్టేయండి, 108కి ఫోను చేయించండి. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికి వచ్చి 1906కి చేయించండి.