ముందు ప్రాంతం మార్చు

చి. సుధీర్‌కు,

నీ ఉత్తరం చదివి సగం సంతోషించాను, సగం బెంగపడ్డాను. తుపానులో సెల్‌టవర్లు ఆగిపోయినా ఊళ్లో నాలుగు డాబాల మధ్య కబురు నడవాలని లోరా రేడియో బోర్డులు తెప్పించి, వాటిలో మెష్‌టాస్టిక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించావు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయాయి గనక ఈ ఆలోచనకు వంక పెట్టను. కానీ ఎవరిదో అమెరికా వీడియో చూసి ప్రాంతం సెట్టింగు దగ్గర 'యూఎస్' అని నొక్కానన్నావే, నా బాధంతా దానితోనే. ప్రాంతం ఎంచుకునేదాకా ఆ సాఫ్ట్‌వేర్ ప్రసారమే మొదలుపెట్టదు. రాసినవాళ్లు అంత జాగ్రత్తగా గడియ పెడితే నువ్వు చూడకుండా తీసేశావు.

ఆ సెట్టింగులో నీ బోర్డు పలికేది 906.875 మెగాహెర్ట్జ్ మీద. మన దేశంలో 890 నుంచి 915 దాకా సెల్‌ఫోన్లు టవరుకు సిగ్నల్ పంపే దారి. నీ బోర్డులోని ఎస్ఎక్స్1262 రేడియో చిప్ ఇచ్చేది మహా అయితే 22 డీబీఎం, వాట్‌లో ఆరో వంతు కూడా లేదు, దానివల్ల ఎవరికి నష్టం అంటావు. టవరుకు లెక్క నువ్వు పంపిన శక్తి కాదు, తనదాకా చేరిన శక్తి. కిలోమీటర్ల అవతలి ఫోను నుంచి దానికి అందేది వాట్‌లో కోటో వంతు కన్నా ఎంతో తక్కువ. పక్క డాబా మీది నీ యాంటెన్నా ముందు అది ఏపాటి? రెండు బోర్డులూ చక్కగా మాట్లాడుకుంటున్నాయన్నది రుజువు కాదు నాయనా, రెండూ ఒకే తప్పులో ఉన్నాయి గనక మాట్లాడుకుంటాయి.

'ఇండియా' అని మార్చినా పని సగమే. 2005 నాటి నోటిఫికేషన్ 865-867 మెగాహెర్ట్జ్ మధ్య 1 వాట్ దాకా లైసెన్సు అక్కర్లేదంది, బ్యాండ్‌విడ్త్ మాత్రం 200 కిలోహెర్ట్జ్ అంది. మెష్‌టాస్టిక్ తనంతట తాను పెట్టే లాంగ్‌ఫాస్ట్ మోడ్ 250 తీసుకుంటుంది. లాంగ్ మోడరేట్ పెట్టు, అది 125. కబురు నెమ్మదిగా వెళ్తుంది, వెళ్లనీ. వేలమంది చూసిన ఓపెన్ సోర్స్‌లో తప్పేముంటుందంటావేమో. వాళ్లు చూసింది కోడ్‌ని, నువ్వు మెనూలో ఏం నొక్కావో కాదు. కంపెనీ వాకీటాకీలో ఈ హద్దులు ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. కోడ్ నీ చేతికొచ్చాక ఆ ఇంజనీరు పనీ నీదే.

రాత్రిళ్లు డాబా మీదే ఉంటున్నావట, మీ అమ్మ చెప్పింది. మఫ్లర్ కట్టుకో. యాంటెన్నా బిగించకుండా బోర్డుకు కరెంటు ఇవ్వకు, చిప్ పోవచ్చు. కబుర్లు ఇతరులు చదవకుండా మొదట వచ్చే ఛానల్ తాళం లోకమంతటికీ ఒకటే, నానమ్మ మందుల సంగతులు పంపే ముందు కొత్తది పెట్టుకో. ఇవన్నీ మార్చాక చెరువు గట్టు దాకా అందుతోందో లేదో రాయి. చాలకపోతే యాంటెన్నా ఎత్తు పెంచుదాం, పవర్ జోలికి పోకు.

మీ పెదనాన్న