రాగి లవణాలు – రైజోబియం కణాల పెరుగుదల

బాక్టీరియా కణానికి లోహాలు సహజంగా శత్రువులు కావు. నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైము కీలక భాగంలో 7 ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం పరమాణువు ఉంటాయి. శ్వాసక్రియలో పాల్గొనే కొన్ని ఆక్సిడేజ్ ఎంజైములకు రాగి అవసరం. అయితే రాగి విషయంలో అవసరానికీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. మోతాదు మించినప్పుడు రాగి అయాన్లు ప్రొటీన్లలోని గంధక సమూహాలకు అంటుకుంటాయి. ఇనుము–గంధక గుచ్ఛాలను విచ్ఛిన్నం చేస్తాయి. ఫలితంగా కొన్ని అమైనో ఆమ్లాల తయారీ కుంటుపడి, కణవిభజన మందగిస్తుంది.

పెరుగుదల రేఖాచిత్రంలో ఈ ప్రభావం తరచుగా ముందు లాగ్ దశలో కనిపిస్తుంది. రాగిని బయటకు నెట్టే పంపు ప్రొటీన్లను సమకూర్చుకొనే వరకు కణాలు విభజన చెందవు. కనుక 24 గంటలకు ఒకే ఒక కొలత తీసుకొని 'పెరుగుదల లేదు' అని నిర్ణయించడం తొందరపాటే. వేరుశనగపై బుడిపెలు కలిగించే బ్రాడీరైజోబియం స్వతహాగానే నెమ్మదిగా పెరుగుతుంది. దాని కాలనీలు కనిపించడానికే సుమారు వారం పడుతుంది. మరొక చిక్కు కూడా ఉంది. స్పెక్ట్రోఫోటోమీటరు బతికిన కణాన్నీ చచ్చిన కణాన్నీ వేరు చేయలేదు. ప్లేటుపై సజీవ కణాల లెక్కింపు జతపరచని ఫలితాన్ని విద్యార్థులు నమ్మకపోవడమే మేలు.

మాధ్యమం ఎంపిక అంతకన్నా ముఖ్యం. రైజోబియం పెంపకానికి వాడే ఈస్ట్ సారం–మానిటాల్ మాధ్యమంలోని ఫాస్ఫేటు, ఈస్ట్ సారం రెండూ రాగిని బంధిస్తాయి. కలిపిన రాగి ఎంతైనా, కణాన్ని తాకే స్వేచ్ఛా అయాన్లు స్వల్పం. అందువల్ల ప్లేటుపై 'రాగిని తట్టుకొనే జాతి'గా కనిపించినది ఆమ్లత్వం గల ఎర్ర నేలలో తట్టుకోలేకపోవచ్చు. సున్నం గల నల్లరేగడిలో అదే మోతాదు రాగికి విష ప్రభావం తక్కువ.

ఇంగ్లండులోని వోబర్న్ పరిశోధన క్షేత్రం దీర్ఘకాలిక హానికి మంచి ఉదాహరణ. అక్కడ 1942 నుండి 1961 వరకు కొన్ని మడులకు మురుగు మడ్డిని ఎరువుగా వేశారు. అందులో జింకు, రాగి, నికెల్, కాడ్మియం ఉన్నాయి. వేయడం ఆపిన 20 ఏళ్ళ తరువాత కూడా ఆ మడులలోని తెల్ల క్లోవర్ సరిగా నత్రజనిని స్థిరీకరించలేకపోయింది. బుడిపెలు లేక కాదు. వాటిలో నివసించిన రైజోబియం నిష్ప్రయోజక జాతి. సమర్థమైన జాతులు నశించి, లోహాలను ఓర్చుకొనే అసమర్థ జాతి మిగిలింది. బాక్టీరియా సంఖ్యను మాత్రమే లెక్కించి ఉంటే ఈ నష్టం బయటపడేది కాదు.

విత్తనశుద్ధిలో కూడా ఇదే ప్రమాదం పొంచి ఉంది. నేలలో పలుచబడే లోహం విత్తనం పైపొరపై మాత్రం గాఢంగా నిలుస్తుంది, అక్కడే రైజోబియం కణాలూ ఉంటాయి. మాంకోజెబ్‌లో మాంగనీసు, జింకు ఉన్న సంగతి చాలామంది గమనించరు. అందుకే ముందుగా శిలీంధ్రనాశిని పట్టించి నీడలో ఆరబెట్టి, విత్తడానికి ముందు చివరిగా రైజోబియం పట్టించాలి. రాగి మందు పట్టించిన విత్తనానికి మాత్రం కల్చర్‌ను అంటించక, పశువుల ఎరువుతో కలిపి సాళ్ళలో వేయడం సురక్షితం.

ఫలితాన్ని పరిశీలించేటప్పుడు, పూత దశలో మొక్కను వేళ్ళతో సహా జాగ్రత్తగా పెకలించి, బుడిపెలను లెక్కించడంతో ఆగక కొన్నింటిని కోసి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే లెగ్‌హీమోగ్లోబిన్ ఉన్నట్లు, నత్రజని స్థిరీకరణ సాగుతున్నట్లు. తెల్లగా ఉంటే విత్తనానికి ఏ మందు, ఏ వరుసలో పట్టించారో రైతును అడిగి తెలుసుకోవాలి.