నాలుగింటికీ ఒకటే గాలి కాదు

బంకులో గాలి పట్టే కుర్రాడు పైపు చేతపట్టుకుని "ఎంత కొట్టమంటారు సార్?" అని అడుగుతాడు. మనం సీట్లోంచి కదలకుండానే "నాలుగింటికీ ముప్పై ఐదు" అనేస్తాం. నింపాదిగా నడిచే చిన్న కారు ఈ నిర్లక్ష్యాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది. వేగం కోసం, మలుపుల్లో చురుకుదనం కోసం తయారైన కారు ఓర్చుకోదు. దాని టైరు వెడల్పు, పక్కగోడ పొట్టి. 225/40 ఆర్ 18 టైరు గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే. ఆ కాస్త గోడనూ నిలబెట్టేది లోపలి గాలే. బ్రేకు, స్టీరింగ్, ఇంజిన్ ఎంత గొప్పవైనా, రోడ్డును పట్టుకునేది టైరుకు అరచేయంత చొప్పున నాలుగు రబ్బరు ముక్కలు. అందుకే గాలి దగ్గర ఉజ్జాయింపు పనికిరాదు.

చేయవలసినవి

1. డ్రైవరు తలుపు తీసి స్తంభం మీది స్టిక్కరు చూడండి. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపల ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, నిండుగా జనం, సామాను ఉంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

2. ముందు వెనకల తేడాను అలాగే కాపాడండి. ఆ తేడా అచ్చుతప్పు కాదు, కారు నడకలో భాగం. 1960 మోడల్‌గా అమెరికాలో వచ్చిన షెవ్రొలే కోర్వైర్‌కు ఇంజిన్ వెనక ఉండేది. దానికి చల్లటి టైర్లలో ముందు 15, వెనక 26 పీఎస్ఐ పెట్టాలని కంపెనీ చెప్పింది. ఆ తేడా పాటించకపోతే మలుపులో వెనక భాగం పక్కకు జారే ప్రమాదం పెరిగేది. రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ కారు గురించే. తరువాతి మోడళ్లలో కంపెనీ సస్పెన్షన్ మార్చింది. కారు స్థిరత్వాన్ని గాలి పట్టేవాళ్ల జ్ఞాపకశక్తికి వదిలేస్తే ఏమవుతుందో ఆ కథ చెబుతుంది.

3. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. కనీసం మూడు గంటలు నిలిపి ఉంచిన కారు, ఎండ తగలక ముందు, తెల్లవారుజామున అయితే మేలు. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పినదే.

4. సొంత గేజ్ కొనుక్కోండి. బంకు మీటరు రోజంతా దెబ్బలు తినేది. ఒకే గేజ్‌తో ఎప్పుడూ కొలిస్తే మార్పు స్పష్టంగా తెలుస్తుంది. పదిహేను రోజులకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా చూడండి. స్టెప్నీని మరవకండి.

5. రుతువు మారితే మళ్లీ చూడండి. వాతావరణం 10 డిగ్రీలు మారితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ తేడా వస్తుంది. మే నెల పగటి వేడిలో సరిపెట్టిన టైరు జనవరి తెల్లవారుజామున నాలుగైదు పీఎస్ఐ తక్కువ చూపించవచ్చు.

6. టైరు సైజు మార్పిస్తే పాత అంకెను గుడ్డిగా వాడకండి. ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న టైరు తన పూర్తి బరువును 42 పీఎస్ఐ దగ్గర మోస్తుంది, మామూలు టైరు 36 దగ్గరే మోస్తుంది. కొత్త సైజుకు ఎంత పెట్టాలో టైరు కంపెనీ పట్టిక చూసి డీలరును చెప్పమనండి.

చేయకూడనివి

1. వేడెక్కిన టైరులోంచి గాలి తీయకండి. కొంతదూరం వేగంగా వెళ్లాక పీడనం నాలుగైదు పీఎస్ఐ పెరగడం సహజం. అప్పుడు తగ్గిస్తే చల్లారాక టైరు ఉండాల్సినదానికంటే మెత్తబడుతుంది. దారిలోనే నింపక తప్పకపోతే స్టిక్కరు అంకెకు మూడు నాలుగు కలిపి, మర్నాడు ఉదయం చల్లటి టైరులో సరిచూసుకోండి.

2. గ్రిప్ పెరుగుతుందని రోడ్డు మీద గాలి తగ్గించకండి. మెత్తని టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది, ఆ వంపే వేడిగా మారుతుంది. అంచులు అరుగుతాయి, స్టీరింగ్ మందగిస్తుంది. వేసవి హైవే మీద అదే టైరు పేలడానికి దారి తీస్తుంది. వర్షంలో మరో ముప్పు ఉంది. నాసా పరిశోధకులు 1963లో విమాన టైర్ల కోసం కట్టిన లెక్క ప్రకారం నీటి పొర మీద తేలిపోయే వేగం పీడనం వర్గమూలంతో పాటు మారుతుంది. ఆ లెక్కన 36 పీఎస్ఐ టైరు గంటకు సుమారు 100 కిలోమీటర్ల దగ్గర తేలితే, 25 పీఎస్ఐ టైరు 83 దగ్గరే తేలుతుంది. కారు టైరుకు వెడల్పు, గాడుల లోతు కూడా లెక్కలోకి వస్తాయి, కానీ దిశ అదే.

3. గట్టిగా ఉంటే బాగా పరిగెడుతుందని అతిగా నింపకండి. మధ్యభాగమే నేలను తాకి అరుగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. పొట్టి గోడ టైరు గుంతలో పడితే గోడ చిట్లవచ్చు, అల్లాయ్ చక్రం వంగవచ్చు.

4. టైరు గోడ మీద ముద్రించిన గరిష్ఠ పీడనాన్ని మీ కారుకు సిఫారసుగా చదవకండి. అది టైరు హద్దు, కారు అవసరం కాదు.

5. రేసు ట్రాక్ మీద వాడిన గాలితో ఇంటికి బయలుదేరకండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో తిప్పడానికి గాలి తగ్గించుకున్న టైర్లను, తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ స్టిక్కరు అంకెకు తీసుకురండి.

6. డ్యాష్‌బోర్డు మీది టైరు గాలి హెచ్చరిక దీపం కోసం ఎదురుచూడకండి. అమెరికా నిబంధన ప్రకారం పీడనం 25 శాతం తగ్గాక అది వెలిగినా చాలు. అంటే 33 ఉండాల్సిన టైరు 25కి పడిపోయేదాకా మౌనంగా ఉండవచ్చు.

7. నైట్రోజన్ నింపించామని నిశ్చింతగా ఉండకండి. మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే. వేడికి అదీ వ్యాకోచిస్తుంది, కాలంతో అదీ తగ్గుతుంది.

ఈసారి బంకులో ఆగినప్పుడు కారు దిగండి. కుర్రాడు అడిగే లోపే ఫోన్‌లోని ఫొటో చూపించి, "ముందు ఇంత, వెనక ఇంత" అని రెండు అంకెలు చెప్పండి. పక్కనే నిలబడి గేజ్ చూసి, వాల్వు మూతలు బిగించాకే కదలండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్ల ప్రాణాలు కూడా ఆ రెండు అంకెల మీదే ఉన్నాయి.