సమాధుల తోటలో ఒక ప్రశ్న



నవంబరు మాసాన్ని తిరుసభ మృతుల స్మరణకు కేటాయించింది. ఈ సందర్భంలో నాకు ఎదురైన ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం, గురువిద్యాలయంలో నాతో చదివిన ఇద్దరు మిత్ర గురువులతో కలిసి కోల్‌కతా వెళ్ళాను. ఒక పూట తీరిక దొరికితే సౌత్ పార్కు వీధిలోని పాత సమాధుల తోట చూడబోయాం. 1767లో ఆంగ్లేయులు ప్రారంభించిన తోట అది. అప్పట్లో ఆ వీధినే శ్మశానపు రోడ్డు అనేవారట. గేటు దాటితే పెద్ద చెట్ల నీడలో ఇళ్ళంత ఎత్తు గోపురాలు, పిరమిడ్లు, స్తంభాల మండపాలు. అన్నిటికీ నాచు పట్టి ఉంది.

1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ సమాధి అక్కడే ఉంది. 1794లో మరణించేనాటికి ఆయన వయస్సు 47 ఏళ్ళు. కవి, ఉపాధ్యాయుడు హెన్రీ డిరోజియో 1831లో కలరాతో పోయేనాటికి 22 ఏళ్ళవాడు. 1800లో కన్నుమూసిన రోజ్ ఐల్మర్‌కు 20 ఏళ్ళు మాత్రమే. పసిబిడ్డల పేర్లయితే చెప్పనక్కరలేదు.

"మనుష్యులందరు మర్త్యులు, సోక్రటీసు మనుష్యుడు, కనుక సోక్రటీసు మర్త్యుడు" అని తర్కశాస్త్రంలో వల్లె వేసిన వాళ్ళం మేము. అక్కడ ఆ సోక్రటీసు స్థానంలో ఎవరి పేరైనా సరిపోతుందని అర్థమైంది. నేను తేదీలన్నీ శ్రద్ధగా పుస్తకంలో రాసుకుంటున్నాను. అది చూసి ఒక మిత్రుడు, "ఇవన్నీ రాస్తున్నావు సరే, మీ నాన్నగారు ఏ తేదీన పోయారు?" అన్నాడు.

సంవత్సరం చెప్పగలిగాను. తేదీ చెప్పలేకపోయాను. విచారణలో అందరి వర్ధంతి పూజలు సమర్పించేవాడిని నేనే!

అక్కడ నిద్రించే వారందరి కోసం ముగ్గురం ప్రార్థించి, బోస్ రోడ్డు వెంట నడిచి మదర్ తెరెసాగారి మఠానికి వెళ్ళాం. 1997లో మరణించిన ఆ తల్లి సమాధికి గోపురం లేదు, స్తంభం లేదు. అయినా మోకాళ్ళూనిన మనుషులు అక్కడ లేని సమయం లేదు.

రాయి పేరును కాపాడగలదు, ప్రార్థించలేదు. ఆ పని బ్రతికి ఉన్న మనది. మృతుల కోసం ప్రార్థించడం పవిత్రమైన ఆలోచన అని మక్కబీయుల రెండవ గ్రంథము 12వ అధ్యాయము బోధిస్తున్నది. ఉత్తరించు స్థలములోని ఆత్మలకు మన ప్రార్థనలు, దివ్యబలిపూజలు, దానధర్మాలు సహాయపడతాయని తిరుసభ విశ్వాసం. పాలరాతి సమాధి కట్టించలేకపోయామని బాధపడే పేద కుటుంబాలు ఈ మాట గుర్తుంచుకోవాలి. కట్టించి మరచిపోయిన వారు కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి ఈ నెలలో ఒక పని చేయండి. మీ ఇంటి మృతుల పేర్లు, తేదీలు కుటుంబ బైబిలు మొదటి పేజీలో రాయండి. పిల్లలను వెంటబెట్టుకొని సమాధుల తోటకు వెళ్ళండి. గడ్డి పీకి, కొవ్వొత్తి వెలిగించి, తాతయ్య ఎలాంటివాడో అక్కడే వారికి చెప్పండి. ఎవరూ రాని పక్క సమాధి దగ్గర కూడా ఒక పరలోక జపం చెప్పండి.

కోల్‌కతా నుండి రాగానే మా అక్కయ్యను తేదీ అడిగాను. పెద్దగా చదువుకోని అక్కయ్య, తడుముకోకుండా చెప్పింది. ఏటా ఆ రోజున ఆమె నాన్న సమాధి దగ్గరకు వెళ్తూనే ఉందట. ఇప్పుడు ఇద్దరం కలిసి వెళ్తున్నాం.