చూడిపందికి సోంపుసారము

పందులఁ బెంచు పాకాల ప్రాంతపు రైతులకు, పిల్లలచేఁ బాలు మాన్పించిన మొదటి వారమే గండము. పాలు తప్పిన పిల్ల క్రొత్త మేతను ముట్టదు. పస్తుండి, పిదప మితిమీరి తిని, పారుడుచే నీరసించును. ఎదుగుదలకై మేతలో యాంటీబయాటిక్ మందులు కలుపుట ఐరోపా సమాఖ్యలో 2006 నుండి నిషిద్ధము. మన దేశమున మేతలకు కొలిస్టిన్ వాడరాదని 2019లో ఉత్తరువైనది. కావున మూలికాసారములపై దృష్టి మరలినది.

వాములోని థైమాల్ సూక్ష్మక్రిముల నణఁచును. సోంపులోని అనెథోల్ పని వేరు. చూడిపందికిని, పాలిచ్చు పందికిని దీనిని మేతలోఁ బెట్టినచో ఆ వాసన పిల్లకు గర్భమందే పరిచితమగును. పాలు మాన్పించిన పిమ్మట అదే వాసన తగిలిన పిల్లలు బెదరు తగ్గి మేలుగా తినినవని హాలెండునందలి వాగెనింగెన్ విశ్వవిద్యాలయమున 2010 ప్రాంతమునఁ గనిపెట్టిరి. విందు తరువాత మనము నమలు సోంపునందున్నదియు నీ వాసనయే! తల్లిని విడిచి పిల్లమేతకు మాత్రమే కలుపుట నా యభిప్రాయమున దండుగ.

అంగడి సారముల ఘాటు ఒక్కొక్కదానికి భేదించును. మోతాదు తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారి నడిగి నిర్ణయించుకొనవలెను. కొట్టములోని తడి సోంపుచేఁ బోదు. స్వైన్ ఫీవర్ టీకాయు మానరాదు. పారుడులో నెత్తురు కానవచ్చినచో నాఁడే పశువైద్యునకుఁ జూపుఁడు.