ఫోన్ లాక్కుంటే తల బాదుకుంటున్నాడు

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, ఆటిజం ఉంది. ఫోన్ తీసేసుకుంటే నేలకేసి తల కొట్టుకుంటున్నాడు. మొత్తానికే మాన్పించమని మా అత్తగారంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఒక్కసారిగా మాన్పించకండమ్మా. చాలామంది ఆటిజం పిల్లలకు కష్టమయ్యేది ఫోన్ వదలడం కన్నా, చేస్తున్న పని హఠాత్తుగా తెగిపోవడం. మీ బాబుది మొండితనం కాకపోవచ్చు. ‘ఐదు నిమిషాలే’ అన్నా వాడికి అర్థం కాకపోవచ్చు. సమయం కంటికి కనబడాలి. ఇసుక గడియారం పెట్టండి. ‘ఫోన్, తర్వాత ఉయ్యాల’ అని రెండు బొమ్మలు వరసగా చూపండి. ఆటోప్లే ఆపేసి, వీడియో పూర్తయ్యాకే తీసుకోండి. తర్వాత వచ్చేది వాడికి ఇష్టమైనదై ఉండాలి. ఫోన్ తీసి పుస్తకం చేతికిస్తే ఎవరైనా ఏడుస్తారు!

తల కొట్టుకుంటే ముందు దిండు అడ్డుపెట్టి కాపాడండి. ఆ క్షణంలో మాత్రం ఫోన్ తిరిగివ్వొద్దు. ఇస్తే అదే దారి అని నేర్చుకుంటాడు. దెబ్బలు గట్టిగా తగులుతుంటే, లేదా ఇది తరచూ జరుగుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి. చెవిపోటు, పంటినొప్పి చెప్పుకోలేక కూడా అలా చేయొచ్చు.

రెండు నుంచి నాలుగేళ్ల వారికి స్క్రీన్ చూడటం రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీవాడి వయసుకు నిమిషాల లెక్క కన్నా నిద్ర, ఆట, తిండి చెడుతున్నాయా అన్నదే ముఖ్యం. పడుకునే ముందు గంటసేపు ఫోన్ వద్దు. భోజనం దగ్గర మాన్పించడం రోజుకు ఒక పూటతో మొదలుపెట్టండి.

మాటలు రాకపోతే, చెన్నైలో తయారైన ఆవాజ్ లాంటి బొమ్మల యాప్‌తో మాట్లాడే సమయాన్ని ఈ లెక్కలో కలపొద్దు. అది వాడి గొంతు. అత్తగారికీ ఆ తేడా చెప్పండి. వీలైతే దానికి వేరే ట్యాబ్ ఉంచండి.